రెండో నంబరు సీసా

శక్తినగర్,
18 సెప్టెంబరు 2016.

నేత్రా,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఫోనులో నాకు మాట తొందరగా రాదు. నువ్వు "చెప్పక్కా, చెప్పక్కా" అంటావు. నేను చెప్పేలోపు ఫోను మీ బావ చేతికి పోతుంది. అందుకే రాస్తున్నాను.

మొన్న బుధవారం పొద్దున సంగతి. ఏ విశేషమూ లేని పొద్దు. అయిదింటికి లేచాను. రాత్రి గాలి ఇటు తిరిగినట్టుంది, కరెంటు ప్లాంటు చిమ్నీల బూడిద పడి తులసి ఆకులు తెల్లగా ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచాను. స్నానం చేసి, దీపం పెట్టి, జొన్నరొట్టెలు చేశాను. తమ్ముడి కోసం రెండు ఎక్కువ చేశాను. మరదలు జయ మాన్వికి, పుట్టింటికి పోయినప్పటినుంచీ సూగురేశ్ టిఫిను నేనే కడుతున్నాను కదా. పుండికూర పప్పు పెట్టాను. మీ బావ పేపరు దులిపి, "ఇయ్యాల పేపరు మీద గూడ బూడిదనే. వార్తలు కనిపిస్తలేవు, మంచిగున్నది" అన్నాడు. ఆరున్నరకు సూగురేశ్ వచ్చి టిఫిను తీసుకున్నాడు. కంపెనీ బస్సు మా గేటు ముందరే ఆగుతుంది. నలుగురైదుగురు అప్పటికే నిలబడి ఉన్నారు.

నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే పడ్డాడు. రాయి లేదు, గుంట లేదు. టిఫిను మూత ఊడి రొట్టెలు మట్టిలో పడ్డాయి.

"ఏందిరా సూగురేశ్, పొద్దు పొడవకముందే ఏసినవా? మమ్ములనన్న పిలవకపోతివి" అన్నాడు తాయప్ప. వాడితో పనిచేసేవాడే. అందరూ నవ్వారు. ఇంకో పెద్దాయన, "బిడప్పా, ఇడిసిపెట్టు, వాళ్ళ నాయన గూడ గిట్లనే ఉండె" అన్నాడు.

నేను పోయి రెక్క పట్టుకుని లేపాను. లేపుతూ, ముఖం దగ్గరికి వంగి వాసన చూశాను. పళ్ళపొడి వాసన. మళ్ళీ చూశాను. అదే.

వాడు నన్ను చూశాడు. "నువ్వు గూడ వాసన చూస్తివా అక్కా" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కిపోయాడు.

మూడేళ్ళ నుంచి తాగుతున్నాడనే అనుకున్నాం. జయ పోయిందీ అందుకే. ఇప్పుడు సంతకం వంకర పోతోంది, మాట ముద్దగా వస్తోంది. తాగకుండా మనిషి ఇట్లా అవుతాడా? మనుషుల ఒంట్లో ఉండే రాతను చదివే పని అంటావు నీది. అందులో ఏమైనా ఉందేమో చూడు.

వేళకు తిను.

నీ పెద్దక్క,
కృష్ణాబాయి.


హైదరాబాద్,
2 అక్టోబరు 2016.

పెద్దక్కకు నమస్కారం.

నీ ఉత్తరం చదివిన రోజు ల్యాబుకు పోలేదు. పోయినా కంప్యూటరు ముందు కూర్చోవడమే. జీనోమిక్స్ అంటే అందరూ తెల్లకోటూ సీసాలూ అనుకుంటారు. చేరి పద్నాలుగు నెలలైంది, నేనింతవరకు ఒక్క సీసా ముట్టలేదు. సీసాలన్నీ ఆంజనేయన్న చూస్తాడు. మక్తల్ వాడు. కాంట్రాక్టు మీద శాంపిళ్ళ గదిలో పనిచేస్తాడు. నాది రాయచూరని తెలిసినప్పటినుంచీ, "కృష్ణకు అవతల మీరు, ఇవతల మేము. నడుమ ఉన్నయి నీళ్ళే గద మేడం" అంటూ తన డబ్బాలోంచి సజ్జరొట్టె తుంచి పెడతాడు.

నా దగ్గరికి వచ్చేవి అక్షరాలే. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ మూడు వందల కోట్ల అక్షరాల రాత ఉంటుంది. వాడే అక్షరాలు నాలుగే. కొన్నిచోట్ల మూడక్షరాల ముక్క ఒకటి, నత్తి పట్టినట్టు, వెంటవెంటనే వస్తూ ఉంటుంది. ఇరవై, ఇరవై అయిదు సార్లు వస్తే ఏమీ కాదు. మరీ ఎక్కువైతే నడివయసులో నడక తూలుతుంది. మాట ముద్దవుతుంది, చేతిరాత చెదురుతుంది. డాక్టర్లు దాన్ని అటాక్సియా అంటారు. చూసినవాళ్ళు తాగాడంటారు. తల్లికో తండ్రికో ఉంటే, బిడ్డల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం.

నాన్న పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. గోడ పట్టుకుని నడవడం ఒక్కటే గుర్తుంది. ఆయన నిజంగా తాగేవాడా అక్కా? నువ్వు చూశావా?

మా గైడు మేడం ఇలాంటి కుటుంబాల మీదే పరిశోధన చేస్తోంది. అడిగితే ఒప్పుకుంది. రాయచూరులో ఒక నరాల డాక్టరు అన్నను చూస్తాడు, ఆ ఏర్పాటు చేశాను. మీకు మూడు సీసాలు వస్తాయి. ఒకటో నంబరు అన్నది, రెండు నీది, మూడు చిన్నక్కది. పేర్లు రాయకండి. అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా, గీత దాకా ఉమ్మి నింపాలి. అంతే. ఈ పనిలో ఉన్నవాళ్ళ శాంపిల్ ఇందులో కలపకూడదని నియమం, కాబట్టి నాది తీసుకోరు. నాకూ అదే నయమనిపించింది.

అన్నతో చెప్పు, నేను వాసన చూడనని.

నేత్ర.


శక్తినగర్,
6 నవంబరు 2016.

నేత్రా,

నీకు మేలు కలగాలి.

సీసాలు గురువారం వచ్చాయి. శుక్రవారం మీ చిన్నక్క సుమంగళ మట్మారి నుంచి పొద్దున రైలుకు వచ్చింది. సీసా చూసి ఒకటే నవ్వు. "చిన్నప్పుడు పలక మీద ఉమ్మి తుడుస్తె సరస్వతికి కోపమొస్తదని కొడ్తివి. ఇప్పుడు చదువుకున్న పిల్ల సీసల ఉమ్మమని హైదరాబాద్‌కెల్లి పంపె. సరస్వతికి కోపం పోయిందా అక్కా?" అన్నది. తమ్ముడు కూడా నవ్వాడు. చాలా రోజులైంది వాడు నవ్వి. మూడు సీసాలూ నింపి, మూతలు బిగించి, ఆ మధ్యాహ్నమే కొరియరుకు ఇచ్చాం.

తమ్ముడి పేరు మీద దేవసూగూరు స్వామికి నలభై ఎనిమిది రోజుల దీక్ష పట్టాను. ఒంటిపూట భోజనం. ఇవాళ పదకొండో రోజు.

నాన్న సంగతి అడిగావు. రాయచూరులో బియ్యం మిల్లులో తూకం దగ్గర ఉండేవాడు. నా పెళ్ళి కుదిరిన సంవత్సరం, బస్తాల మీద రెండుసార్లు పడ్డాడు. తాగి రావద్దని సేటు ఇంటికి పంపేశాడు. అమ్మ ఏడుస్తూ కూర్చుంది. నాకు ఇరవై రెండేళ్ళు. దీపం వెలిగించి, నాన్నను చెయ్యి పట్టి తీసుకొచ్చి, "ఇంక తాగనని చెప్పు నాయనా" అన్నాను. ఆయన చాలాసేపు దీపాన్ని చూశాడు. దాని మీద చెయ్యి పెట్టి, "తాగను బిడ్డా" అన్నాడు.

తాగలేదని అనలేదు. తాగానని కూడా అనలేదు. నేను చూశానా అని అడిగావు. చూడలేదు. ఎవరూ చూడలేదు.

ఇవాళ్టికి ఇంతే రాయగలను.

పెద్దక్క.


హైదరాబాద్,
22 జనవరి 2017.

అక్కా,

ఫలితాలు వచ్చాయి. అన్నకు ఉంది. ఆ ముక్క నలభై మూడు సార్లు వచ్చింది. డాక్టరు వచ్చే వారం పిలిచి చెప్తాడు. మందు లేదు. వ్యాయామంతో కొంత నిలబెట్టుకోవచ్చు. అన్న తాగడు అక్కా. నాన్న కూడా తాగి ఉండడు. జయ వదినకు చెప్పు. తాయప్పకు కూడా.

ఇక రాయబోయేది నేను రాయకూడనిది. జబ్బు బయటపడని మనిషికి ఫలితం చెప్పాలంటే, ఆ మనిషే అడగాలి. డాక్టరు ముందు కూర్చోబెట్టి మాట్లాడాలి. అసలు నంబర్ల వెనక ఎవరున్నారో నాకు తెలియడమే తప్పు. తెలుసు కాబట్టి, నిన్న తెర మీద రెండూ మూడూ చూశాను. రెండింటిలోనూ ఉంది. నలభై ఒకటి, నలభై ఒకటి.

నీకూ ఉంది, చిన్నక్కకూ ఉంది. నీకు యాభై నాలుగేళ్ళు వచ్చినా నడక బాగానే ఉంది, బహుశా ఇంకా ఆలస్యంగా వస్తుందేమో. నాకు తెలియదు. పుస్తకాల్లో ఉన్నది ఏదీ నీ గురించి రాసినట్టు లేదు. నన్ను పెంచింది నువ్వు. నీకు చెప్పకుండా నీతో ఫోనులో మాట్లాడలేను.

చిన్నక్కకు మాత్రం చెప్పకు. ప్రవల్లిక నర్సింగు రెండో ఏడు పరీక్షలు ఉన్నాయి. కూతురి చదువు అయ్యేదాకా ఆమెను అలా ఉండనీ.

నేత్ర.


శక్తినగర్,
1 ఫిబ్రవరి 2017.

నేత్రా,

ధైర్యంగా ఉండు. నా గురించి ఏడవకు. నా నడక నాకు తెలుసు.

డాక్టరు తమ్ముడికి కన్నడంలో అంతా చెప్పాడు. వీడు అన్నీ విని, "తాగలేదని దీన్ల రాసి ఉన్నదా సార్?" అని అడిగాడు. అట్లా రాయరు, జబ్బు పేరే రాస్తారు అన్నాడు డాక్టరు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మర్నాడు బస్సు దగ్గరికి తీసుకుపోయాడు. తాయప్ప చేతికిచ్చి, "సదువు" అన్నాడు. తాయప్పకు ఇంగ్లీషు రాదు. ఇంకొకడు చదివి చెప్పాడు. ఆ రోజు నుంచి తాయప్ప మా గేటు దగ్గరికి వచ్చి వాడి టిఫిను అందుకుంటున్నాడు, ఎక్కేటప్పుడు చెయ్యి ఇస్తున్నాడు.

నేను మాన్వికి పోయి జయకు చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఏ మొఖం పెట్టుకొని రావాలె వదినా" అన్నది. నాకు ఉన్న మొఖమే నీకూ ఉన్నది, రా అన్నాను. ఇంకా రాలేదు.

సుమంగళ మొన్న వచ్చింది. మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది. చెప్పు జారిందన్నది. నేను చెప్పు చూశాను. కొత్తది.

నువ్వు వద్దన్నావు, నేను ఏమీ చెప్పలేదు.

పెద్దక్క.


హైదరాబాద్,
19 మార్చి 2017.

అక్కా, అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదువు, కూర్చుని చదవాల్సిన పని లేదు!

మొత్తం రాతలు ఇప్పుడు వచ్చాయి. శాంపిళ్ళు ఒకరివి ఒకరికి ఏమవుతాయో సరిచూసే ప్రోగ్రాం ఒకటి నేనే రాశాను. ఇక్కడ నా పేరు మీద ఉన్న మొదటి పని అది. తోబుట్టువులైతే సుమారు సగం కలవాలి. రెండో నంబరూ మూడో నంబరూ సగం కాదు, అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. అవి ఇద్దరివి కావు. ఒక్కరివే. ఒకరి ఉమ్మి రెండుసార్లు పరీక్షకు పోయింది, రెండోవారిది పోనే లేదు. అది నువ్వో చిన్నక్కో తెలియదు. అంటే మీ ఇద్దరిలో ఒకరికి జబ్బు లేకపోవచ్చు.

తప్పు శాంపిళ్ళ గదిలోనే జరిగి ఉండాలి. సీసాలోంచి తీసేటప్పుడు ఆంజనేయన్న ఒకటే రెండుసార్లు తీసి ఉంటాడు. రిపోర్టు రాయాల్సి వచ్చింది, రాశాను. మనసుకు కష్టంగానే ఉంది. కానీ ప్రోగ్రాం అబద్ధం చెప్పదు.

ఇంకో సంగతి నీకు చెప్పలేదు. పోయిన నెల చిన్నక్క ఫోను చేసి, "నాకున్నదా లేదా, నా మీద ఒట్టు, చెప్పు" అన్నది. నేను ఏడ్చాను. అదే జవాబైంది ఆమెకు. నెల నుంచి ప్రవల్లికతో కూడా సరిగా మాట్లాడలేదట. నిన్న ఫోను చేసి, సీసాలు కలిసిపోయాయి, ఆ ఫలితం లెక్కలోకి రాదు అని చెప్పాను. ఇంత వివరం చెప్పలేదు. "నిజమేనా" అని రెండుసార్లు అడిగింది. తర్వాత నవ్వింది. మళ్ళీ సీసా పంపనా అంటే, "వద్దే తల్లీ, ఒకసారి బతికిన. మళ్ళ ఎందుకు అడగాలె" అన్నది.

నేత్ర.


శక్తినగర్,
30 మార్చి 2017.

నేత్రా,

ఉగాది నిన్న అయిపోయింది. హేవిళంబి మనకు కరుణ చూపాలి.

సుమంగళ పోలెలు చేసుకుని వచ్చింది. నెయ్యి డబ్బా కూడా తనే తెచ్చింది. గేటు దగ్గరి నుంచే, "ల్యాబోళ్ళు తప్పు చేసిండ్రంట అక్కా. ఎంత మంచి తప్పు!" అని అరిచింది. మీ బావకు నాలుగు పెట్టి, "తిను బావా, మళ్ళ నీ షుగరు సంగతి ఎల్లుండి చూస్కుందాం" అన్నది. నా విస్తట్లో రెండు వేసింది. తిన్నాను.

ఆంజనేయ అనే అతనికి ఏమవుతుంది? తెలిస్తే రాయి.

పెద్దక్క.


హైదరాబాద్,
14 ఏప్రిల్ 2017.

అక్కా,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఒకటో తారీకు నుంచి ఆంజనేయన్నను పనిలోకి రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషి కాబట్టి పెద్ద విచారణ కూడా జరగలేదు. నా రిపోర్టు ఒక్కటే సరిపోయింది.

వెళ్ళేముందు నా బల్ల దగ్గరికి వచ్చాడు. కోపం లేదు. "పదకొండేండ్లు మేడం. నంబరు సదువుత, చేత్తోని రాస్త, మళ్ళ సదివి పెడ్త. ఒక్క సీస నా చేతులకెల్లి కింద పడలే. కానీ మీ కంప్యూటర్ చెప్తుందంటే చేసే ఉంట. నాకైతే యాది లేదు" అన్నాడు. అయ్యమ్మకు, అంటే వాళ్ళావిడకు, ఇంకా చెప్పలేదట. పొద్దున డబ్బా కట్టించుకుని బయలుదేరి, పార్కులో కూర్చుని తిని, సాయంత్రం ఇంటికి పోతున్నాడట.

నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. రిపోర్టులో రాసిన లెక్క నాలుగుసార్లు చూశాను. లెక్క తప్పు లేదు. నేనింకేం చేయాలి అక్కా?

నేత్ర.


శక్తినగర్,
19 ఏప్రిల్ 2017.

నేత్రా,

ఆంజనేయ తప్పు చేయలేదు. నేను చేశాను.

సీసాలు వచ్చినప్పుడు నేను దీక్షలో ఉన్నానని రాశాను. సూగురేశ్ కోసం పట్టిన దీక్ష. తొమ్మిదో రోజు. నోటి ఎంగిలి సీసాలో పట్టి, మూత పెట్టి, నా పేరు మీద పంపడానికి మనసొప్పలేదు. దీక్ష చెడితే తమ్ముడికి ఏమవుతుందో అని భయపడ్డాను. దీక్ష అయ్యాక పంపుతానని నీకు రాస్తే సరిపోయేది. కొరియరు అతను మధ్యాహ్నం వస్తానన్నాడు. ఆలస్యమైతే తమ్ముడి పరీక్ష ఆగుతుందనుకున్నాను.

సుమంగళ మూడో సీసా నింపాక రెండోది కూడా చేతికిచ్చి, "నీవి రెండు కావాలట" అన్నాను. నిజం చెప్తే నవ్వి, ఊరంతా చెప్తుంది. అది అడగకుండా నింపింది. ఒక తల్లి బిడ్డలం, ఎవరిదైతే ఏమి అనుకున్నాను. మీ చదువులో అది అంత తేడా అని నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదంటావేమో. అబద్ధం చెప్పడం మాత్రం తెలిసే చేశాను.

జనవరిలో నువ్వు రెండింటిలోనూ ఉందని రాసిన రోజే నాకు అర్థమైంది. రెండూ సుమంగళే. నువ్వు నా కోసం ఏడుస్తున్నావు, నాకు చెప్పడానికి నోరు రాలేదు. మార్చిలో చెప్పాల్సింది. అప్పుడు అది నవ్వుతూ గేటు దగ్గర నిలబడి ఉంది. నేను మాట్లాడితే ఆ నవ్వు పోతుంది. మాట్లాడకపోతే ఎవరో ముక్కూ మొఖం తెలియని మనిషి పని పోతుంది. ఆ మనిషి నాకు కనిపించడు కదా అనుకున్నాను. పార్కులో డబ్బా తెరిచి కూర్చున్నాడని నువ్వు రాశాక కనిపిస్తున్నాడు.

చేయని తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంతకుముందు ఒకసారి చూశాను. రెండోసారి చూస్తూ పూజలో కూర్చోలేను.

ఈ ఉత్తరం మీ మేడంకు చూపించు.

కృష్ణాబాయి.


హైదరాబాద్,
28 ఏప్రిల్ 2017.

అక్కా,

రెండు రోజులు నీ మీద కోపంతో రాయలేదు. మూడో రోజు నా మీద కోపంతో. ప్రోగ్రాం అడిగిన ప్రశ్న సరైనదే. ఇద్దరు ఒకరే ఎలా అయ్యారని అడిగింది. జవాబు కోసం నేను ఆ గదిలోకే చూశాను. మన ఇంట్లోకి చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు.

మేడంకు నా తప్పు చెప్పేశాను. పేర్లు తెలిసి ఫలితాలు చూశానని, ఇంటికి రాశానని. అరవలేదు. మన కుటుంబం ఫైళ్ళు నా దగ్గరి నుంచి తీసేసుకుంది. జూలైలో నా గడువు పొడిగిస్తారో లేదో తెలియదు. అది నాది, నేను చూసుకుంటాను.

నీ ఉత్తరం ఇంకా చూపించలేదు. చూపిస్తే ఆంజనేయన్న తిరిగి వస్తాడు. కానీ ముందు చిన్నక్కకు తెలియాలి, అదీ నీ నోటితోనే. ఎవరో ఆఫీసు మనిషి ఫోనులో చెప్తే వినకూడదు. మే పది దాకా ఆగుతాను. ఆపైన ఆగలేను. శాంపిళ్ళ గది తప్పు లేదని మీ ఇద్దరి సంతకాలతో వేరే కాగితం కూడా కావాలి.

దీంతో కొత్త సీసా పంపుతున్నాను. పరిశోధన కోసం కాదు. నీకు ఇష్టమైతేనే నింపి రాయచూరు డాక్టరుకు ఇవ్వు. ఇప్పుడు నీ సంగతి ఎవరికీ తెలియదు. రెండు నెలలు నీకుందని ఏడ్చాను. లేకపోవచ్చు అక్కా.

నేత్ర.


శక్తినగర్,
8 మే 2017.

నేత్రా,

నీ మనసుకు శాంతి కలగాలి.

నిన్న ఆదివారం సాయంత్రం అందరం మా ఇంట్లో కూర్చున్నాం. సుమంగళ, సూగురేశ్, మీ బావ. జయ వారం కిందట మాన్వి నుంచి వచ్చేసింది, తనూ ఉంది. మీ బావ, "ఇంత మందిని పిల్చినవంటె ఇల్లు అమ్ముతున్నవా ఏంది? కంపెనీ క్వార్టరు, జర జాగ్రత్త" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నేను నీకు రాసినదే చెప్పాను. ఏదీ తగ్గించలేదు.

సుమంగళ కదలకుండా విన్నది. "అందుకేనా నాతోని రెండు నింపిచ్చినవు" అన్నది. అవునన్నాను. "అంటే రెండుసార్లు చూసినా నాకే ఉన్నది." అవునన్నాను. తమ్ముడు లేచి దాని పక్కన కూర్చున్నాడు. అది నా వైపు తిరిగి, "ఉగాది నాడు పోలెలు తెచ్చిన. రెండు తింటివి. తిని గూడ చెప్పకపోతివి గదా అక్కా" అన్నది.

"తిన్నాను" అన్నాను.

జయ అందరికీ చాయ్ ఇచ్చింది. సుమంగళ చేతిలో గ్లాసు కొంచెం వణికింది. అందరం చూశాం. అది కూడా చూసుకుంది. తర్వాత మాట్లాడింది అదే.

మొదట ఆంజనేయ సంగతి తేల్చమన్నది. "ఆయన నౌకరి పోతె నేను నవ్వుకుంట తిరిగిన. ముందుగాల గది రాయండి" అన్నది. మీ బావ ఇంగ్లీషులో రాశాడు. నా సీసా నేనే సుమంగళతో నింపించానని, శాంపిళ్ళ గదిలో ఎవరి తప్పూ లేదని. ఇద్దరం సంతకాలు చేశాం. అది ఇందులో ఉంది. అందిన రోజే ఇవ్వు. ఆంజనేయకు నేను వేరే రాస్తాను, చిరునామా పంపు.

సూగురేశ్ షిఫ్టు డ్యూటీ వదిలి, కూర్చుని చేసే పని ఇమ్మని అర్జీ పెట్టాలని అనుకున్నాం. పడేదాకా ఆగొద్దని జయ పట్టుబట్టింది. వాడు ఒప్పుకున్నాడు.

ప్రవల్లికకు పరీక్షలు ఇరవయ్యో తారీకు అయిపోతాయి. ఆ మర్నాడు సుమంగళే చెప్తుంది. పరీక్ష చేయించుకోవడం, చేయించుకోకపోవడం పిల్ల ఇష్టం. ఇంట్లో ఎవరూ అడగకూడదు. నిన్ను కూడా ఎవరూ అడగరు.

ఇక నువ్వు పంపిన సీసా. దాన్ని అందరి ముందర పెట్టి, గురువారం నింపి డాక్టరుకు ఇస్తానన్నాను. ఈసారి ఏ నియమమూ అడ్డం పెట్టుకోనన్నాను. తమ్ముడు సరేనన్నాడు. సుమంగళ ఒప్పుకోలేదు.

"వద్దు. నీకు లేదని తెలిస్తె నేను ఓర్వలేను అక్కా. ఎందుకు అబద్ధం చెప్పాలె, ఓర్వలేను. నీకు గూడ ఉన్నదని తెలిస్తె, రేపు మా ఇద్దరిని ఎవరు పట్టుకొని నడిపిస్తరని భయపడ్త. రెండిట్ల ఏదీ నాకొద్దు. నువ్వు నింపకు" అన్నది.

నాకు తెలుసుకోవాలని ఉంది. దానితోపాటు నేనూ తెలుసుకుంటే కొంచెం సమానమవుతుందని అనుకున్నాను. మీ బావ నా వైపు చూసి, "దాని మాట ఇను" అన్నాడు. తమ్ముడూ జయా అదే అన్నారు.

సరేనన్నాను. మూత తీయని సీసా దీంతోనే తిప్పి పంపుతున్నాను.

అక్క.